నేను పట్టుబట్టి కొన్న లెన్స్

తొంభైల్లో మా ఉదయగిరి వైపు పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్‌కి మర్యాద మొహం చూసి చేసేవాళ్లు కాదు, లెన్స్ పొడుగు చూసి చేసేవాళ్లు. జానెడు లెన్స్ ఉన్నవాడికి కుర్చీ, బెత్తెడు లెన్స్ ఉన్నవాడికి బెంచీ. మా కెమెరాకి ఆ రెండూ దక్కేవి కావు. అది మా మామగారి కాలం నాటి డబ్బా కెమెరా. ముందు రెండు కళ్లు, పైన మూత. మెడలో వేలాడదీసుకుని, బావిలోకి తొంగి చూసినట్టు తల వంచి చూడాలి. లెన్స్ మార్చే వీలే లేదు. రీలుకి పన్నెండు ఫొటోలు. సరిగ్గా తాళి కట్టే వేళకి రీలు అయిపోతే, కొత్తది ఎక్కించేదాకా పెళ్లికొడుకు తాళి పట్టుకుని అట్లాగే కూర్చోవలసిందే. అయ్యవారు మా ఆయన వంక కొరకొరా చూసేవాడు.

బజారు వీధిలో మాది చిన్న స్టూడియో. మా ఆయన బయట ఫొటోలు తీసేవాడు, నేను లోపల కడిగేదాన్ని. మా నాయన మిషన్ బడిలో పంతులు. నన్ను కూడా పంతులమ్మను చెయ్యాలని ఆశపడి, చివరికి చీకటిగదిలో ఎర్రబల్బు కింద పడేశాం బిడ్డని అని వాపోయేవాడు. నాకేమో ఆ గది ఇష్టం. తెల్లకాగితం మందునీళ్లలో మెల్లగా నల్లబడి, ముందు జుట్టు, తర్వాత కళ్లు, ఆ తర్వాత మూతి తేలుతుంటే ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టేది కాదు. నాకు విసుగు పుట్టనిది లోకంలో అదొక్కటే అని మా ఆయన అనేవాడు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని ఊరందరికీ తెలుసు, దాచేదేముంది.

కెమెరా నా చేతికి వచ్చింది మసీదు వెనక వీధి వల్ల. ఆ వీధిలో కొయ్య గరిటెలు చెక్కే ఇల్లొకటి ఉండేది. ఆ ఇంటావిడని నేను అక్కా అని పిలిచేదాన్ని. ఒకసారి ఆమె గరిటెల మూట నెత్తిన పెట్టుకుని పోతూ పోతూ స్టూడియోలోకి వచ్చి, చెల్లెలి పెళ్లికి ఆడవాళ్ల గదిలో ఫొటోలు తీయాలి, నువ్వు తీస్తావా అని నన్ను అడిగింది. మగవాళ్లు ఆ గదిలోకి రాకూడదు. సరేనన్నాను. ఆమె అక్కడితో ఆగలేదు. తీసేది నువ్వు, మరి కడిగేదెవరు అంది. రంగుల రీళ్లు నెల్లూరు ల్యాబుకి పోతాయి, అక్కడ కడిగేదీ, ఎండబెట్టేదీ, కవర్లలో పెట్టేదీ అంతా మగపిల్లలే. అది ఆమెకి తెలుసు. ఇంత ఆలోచించినవాళ్లు నాకు అప్పటిదాకా తగల్లేదు.

అందుకని మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. నలుపు తెలుపు రీలు వేస్తాను. నేనే తీస్తాను, నేనే కడుగుతాను, నేనే ప్రింటు వేస్తాను. ఫొటోలూ నెగెటివ్‌లూ అన్నీ కవర్లో పెట్టి తెచ్చి ఆమె చేతికే ఇస్తాను. మధ్యలో మగ కన్ను పడదు. ఆ మాట మీద ఆ వీధిలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పిలుపులు వచ్చాయి. ఊళ్లో అందరూ రంగుల ఫొటోలకి ఎగబడుతుంటే నా నలుపు తెలుపుకి అక్కడ గిరాకీ తగ్గలేదు. మా ఆయన కూడా ఆ మాటకి ఎంత కట్టుబడ్డాడంటే, ఆ ఫొటోలు తీగ మీద ఆరుతున్న రోజున చీకటిగది వైపు వచ్చేవాడే కాదు. ఏదన్నా కావాలంటే బయట నుంచే కేకేసేవాడు.

ఒకటే చిక్కు. ఆ గదుల్లో వెలుతురు తక్కువ. ఫ్లాష్ వేస్తే గోడ దగ్గరగా ఉండి మొహాలకి సున్నం కొట్టినట్టు వస్తుంది. వేయకపోతే, మా డబ్బా కెమెరా ఆ కాస్త వెలుతురు తాగడానికి సెకను పైన తీసుకుంటుంది. కదలొద్దు, ఊపిరి బిగపట్టండి అని నేను ఒకటీ రెండూ లెక్కపెట్టేదాన్ని. లెక్కపెడుతుంటే ఎవరు నవ్వుతారు? నేను తీసిన ప్రతి పెళ్లికూతురూ పరీక్ష రాసేదానిలా ఉండేది. గరిటెల అక్క ఒకసారి ఫొటోలన్నీ చూసి, మా ఆడోళ్లు నవ్వరనుకుంటారమ్మా ఇవి చూస్తే అంది. ఆమె పరిహాసానికే అన్నా నాకు గుచ్చుకుంది.

ఇట్లా ఉండగా ఆత్మకూరు బస్టాండు దగ్గర స్టూడియో నడిపే ఒకాయన వీడియోలోకి దిగుతూ తన కెమెరా అమ్మకానికి పెట్టాడు. లెన్స్ విప్పి ఇంకోటి తగిలించుకునే రకం, రీలుకి ముప్పై ఆరు ఫొటోలు. దానికి రెండు లెన్సులున్నాయి. ఒకటి జూమ్, జానెడు పొడుగు, తిప్పితే దూరంగా ఉన్న మనిషి దగ్గరికొస్తాడు. ఇంకోటి నార్మల్ లెన్స్, పొట్టిగా బొంగరమంత ఉంటుంది. దగ్గరికీ తీయదు, దూరానికీ నెట్టదు. కాకపోతే దాని కన్ను పెద్దది, మసక వెలుతుర్లోనూ చటుక్కున పట్టేస్తుంది. మా చీటీ డబ్బులకి కెమెరా వస్తుంది, దాంతో ఒక్క లెన్స్ వస్తుంది. రెండూ రావు. ఆయన మంచివాడు, పైగా మా ఆయనకి పాత స్నేహితుడు. కెమెరా తీసుకుపొండి, ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకోటి తగిలించి చూడండి, ఏది కావాలో తేల్చుకుని రండి అన్నాడు.

మొదటి వారం మా ఆయనది. చేజర్లలో మావాళ్ల పెళ్లి, గుడి పెళ్లి, చర్చిని మేం గుడి అనే అంటాం. జూమ్ తగిలించుకుని వెళ్లాడు. ఆ రోజు ఆయన నడకే వేరు. బ్యాండువాళ్లు దారి ఇచ్చారు, పెళ్లికూతురి మేనమామ కుర్చీ వేయించాడు, భోజనాల దగ్గర పిలిచి మరీ మాంసం ముక్కలు వేశారట. ఇవన్నీ వచ్చి రెండు రోజులు చెప్పాడు. ఫొటోలు వచ్చాయి. బయట తీసినవి నిజంగానే బాగున్నాయి. దూరం నుంచి తీసిన పెళ్లికూతురు, వెనక చెట్లు అలికినట్టు మెత్తగా, కళ్లకద్దుకోవాలనిపించాయి. గుళ్లో తీసినవి మాత్రం సగం చీకటి, సగం వణుకు. ఉంగరం మార్చుకునే ఫొటోలో ఉంగరం ఎక్కడుందో వెతకాలి. ఆ సంగతి నేనంటే, గుళ్లో లైట్లు బాగలేవని గుడి మీదికి తోసేశాడు. ప్రేమలో పడ్డ మగవాడికి ఏం చెప్పి ఏం లాభం.

రెండో వారం నాది. గరిటెల అక్క కూతురికి ఆత్మకూరు సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు వచ్చి పూలు పెట్టే రోజున నన్ను రమ్మన్నారు. నార్మల్ లెన్స్ తగిలించుకుని మధ్యాహ్నం పూట వెళ్లాను. గదికి ఒకటే కిటికీ, దానికి సగం పరదా. చుట్టాలు వచ్చిన పని ముగించుకుని భోజనాలకి లేచారు. గదిలో ఆ పిల్ల, తల్లి, ఒక మేనత్త, నేను మిగిలాం. మేనత్త ఆ పిల్ల చేతికి గాజులు ఎక్కిస్తోంది. ఒక గాజు బొటనవేలు దగ్గర ఇరుక్కుంది. సబ్బు తెచ్చారు, నూనె తెచ్చారు. మేనత్త బలమంతా పెట్టి లాగితే గాజు జారి, ఎగిరి వెళ్లి ఆమె నోట్లో ఉన్న ఆకు వక్క మీద పడ్డంత పని అయ్యింది. ఆ పిల్లకి నవ్వు ఆగలేదు. తల వెనక్కి పడింది, ముసుగు భుజం మీదికి జారింది, జడ ముందుకి వచ్చింది, కళ్లు మూతపడ్డాయి. నేను లెక్కపెట్టలేదు, కదలొద్దు అనలేదు. నొక్కాను. అంతే.

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున్న కడిగాను. ఎర్రబల్బు కింద ఆ నవ్వు కాగితం మీద తేలుతుంటే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. నేనేనా ఇది తీసింది అనుకున్నాను. ఒక్కొక్క పన్ను, గాజు మీద నూనె మెరుపు, పక్కన తల్లి చెయ్యి కూతురి వీపు మీద ఆనించి ఉండడం, అన్నీ వచ్చాయి. ఈ లెన్స్ నాకు కావాలి. ఇది లేకపోతే నేను మళ్లీ ఒకటీ రెండూ లెక్కపెట్టుకుంటూ బతకాలి. జూమ్ కొంటే ఆ గదుల్లో దాంతో చేసేదేమీ లేదు, ఎంత వెనక్కి జరిగినా వీపుకి గోడ తగులుతుంది. నా పని అక్కడితో సరి.

ఫొటోలూ నెగెటివ్‌లూ కవర్లో పెట్టి సంచిలో పెట్టుకున్నాను. ఆత్మకూరు నుంచి తిరిగి వస్తూ వస్తూ అక్కకి ఇచ్చేద్దామని పెట్టుకున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధమెందుకు, అవసరమైతే చూపిద్దామనే బుద్ధి లోపల ఏ మూలో ఉంది.

ఆత్మకూరులో షాపులో మేం ముగ్గురం కాక, పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చినాయన ఒకడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మా ఆయన చేజర్ల ఫొటోలు బల్ల మీద పరిచాడు. షాపాయన మెచ్చుకున్నాడు. గుళ్లో తీసినవి తిరగేసి పక్కన పెట్టాడు. నేను నార్మల్ లెన్స్ కావాలన్నాను. ఇద్దరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, చిన్నపిల్ల ఏదో అంటే నవ్వే నవ్వు.

"కంటికి ఎంత కనిపిస్తాదో దాంట్లోనూ అంతే కనిపిస్తాదమ్మా. దానికి దుడ్లెందుకు దండగ?" అన్నాడు షాపాయన. జూమ్ చేతిలో ఉంటే గిరాకీ తన్నుకుంటూ వస్తుందని, నార్మల్ తగిలించుకుని పోతే ఊళ్లో ఎవరూ ఫొటోగ్రాఫర్ అనే అనుకోరని చెప్పాడు. మా ఆయన తల ఊపాడు. ఆడవాళ్ల గదుల ఫొటోలకి డబ్బా కెమెరా ఎట్లాగూ ఉంది కదా అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఆ డబ్బాతో తంటాలు పడుతున్నది నేను. మాటలతో చెప్పి ఉండొచ్చు. మాటలు నాకు రావా? ఊళ్లో నా నోటికి జడవనివాళ్లెవరు? కానీ ఆ నవ్వు చూసి నాకు తిక్క రేగింది. సంచిలోంచి కవరు లాగి, ఆ పిల్ల నవ్వే ఫొటో తీసి బల్ల మీద కొట్టాను. చూడండి, ఈ లెన్స్ ఏం చేస్తుందో చూడండి అన్నాను.

మా ఆయనకి అది ఏ కవరో తెలుసు. చటుక్కున మొహం పక్కకి తిప్పుకున్నాడు. షాపాయనకి ఏమీ తెలియదు. ఫొటో చేతిలోకి తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెలుతురుకి పట్టి చూశాడు. బెంచీ మీది మనిషి కూడా లేచి వెళ్లి, ఆయన భుజం మీదుగా మెడ సాచి చూశాడు. ఎవరమ్మా ఈ పిల్ల అన్నాడు. నేను ఫొటో లాక్కున్నాను.

షాపాయన బల్ల దగ్గరికి తిరిగి వచ్చాడు. జూమ్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. నార్మల్ లెన్స్ తుడిచి నా చేతిలో పెట్టి, "ఇది నీదేనమ్మా, ఎవురేం చెప్పినా వినబాక" అన్నాడు. గెలిచాననుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

బస్సులో మా ఆయన చాలాసేపు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. జూమ్ పోయినందుకు అలిగాడనుకుని, వచ్చే ఏడు అదీ కొందాం లెమ్మన్నాను. ఆయన లెన్స్ మాట ఎత్తలేదు. "నేనైతే చూడలేదు" అన్నాడు. ఫొటో సంగతి అని నాకు అర్థమైంది. అయినా ఊరుకోలేదు, ఆత్మకూరులో ఆ పిల్ల ఎవరో ఎవరికి తెలుసు అన్నాను. అంటున్నప్పుడే గుర్తొచ్చింది, ఆ పిల్లని ఇచ్చేది ఆత్మకూరుకే అని.

ఆ సాయంత్రమే కవరు అక్కకి ఇచ్చాను. ఆమె గరిటెల పొట్టు చేతులకి అంటి ఉంటే కడుక్కుని వచ్చి, ఒక్కొక్కటీ చూసింది. నవ్వే ఫొటో దగ్గర ఆగి, ఇంత నవ్వు నవ్విందా నా బిడ్డ అంది. పెళ్లయ్యి పోయాక ఇది చూసుకుంటూ ఉంటానని, మిగతావన్నీ పిల్లకి ఇచ్చి ఇది మాత్రం నేనే ఉంచుకుంటానని చెప్పింది. నా తల నిమిరింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. అంత నోరున్నదాన్ని, అప్పుడు మూగదాన్నయ్యాను.

వారం తిరక్కుండా ఒక మిట్టమధ్యాహ్నం ఆమె స్టూడియోకి వచ్చింది. మూట లేదు, చేతిలో ఆ కవరు ఒకటే ఉంది. మా ఆయన ఆమె మొహం చూసి చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆమె స్టూలు మీద కూర్చుంది.

"ఆత్మకూర్లో నా బిడ్డ ఫొటో చూపించినావంట. నిజమేనా?"

కాదనొచ్చు. ఆ చూసినాయన ఎవరి ఫొటో చూశాడో, ఈ పిల్లది కాదని ఒట్టేస్తే ఆమె నమ్మేది కూడా. నన్ను అంత నమ్మేది. నిజమేనక్కా అన్నాను.

బెంచీ మీద కూర్చున్న మనిషి పెళ్లికొడుకు వాళ్ల వీధివాడేనట. పూలు పెట్టడానికి వచ్చిపోయినవాళ్ల ఇంట్లో ఏదో మాట మీద మాటగా, బస్టాండు స్టూడియోలో ఉదయగిరి నుంచి వచ్చినావిడ ఒక పెళ్లికూతురి ఫొటో చూపించింది, గాజులు ఎక్కిస్తుంటే విరగబడి నవ్వుతోంది అన్నాడట. ఆ రోజు భోజనాల దగ్గరికి ఆ నవ్వు వినపడి, గాజు సంగతి అడిగి తెలుసుకున్న ఆడవాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు. వాళ్లు మంచివాళ్లు, సంబంధం చెడగొట్టుకోలేదు. కానీ అడగడం అడిగారు. ఆ పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను నవ్వకుండా ఉండాల్సింది అంటోందట. ఆ కవరులో ఏమున్నా ఇంట్లో ఉండకూడదు, కాల్చెయ్ అని తల్లి కాళ్ల మీద పడిందట.

ఇవన్నీ ఆమె గొంతు పెంచకుండా చెప్పింది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది. నేను కాళ్లు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది.

"పొయ్యి కాడ కూచున్నానమ్మా, రెండు తూర్లు. నా చేత్తో వెయ్యలేకపోతా ఉండా. నువ్వే తీసినావు, నువ్వే చెయ్యి" అంది.

నేను ఏడ్చాను. ఆ ఒక్కటీ ఉంచుకో అక్కా, ట్రంకు పెట్టె అడుగున దాచిపెట్టుకో, ఎవరికి తెలుస్తుంది అన్నాను. ఆమె నా వంక చూసిన చూపు ఇప్పటికీ తలుచుకుంటే తల దిగిపోతుంది.

"ఎవురికి తెలుస్తాదని నువ్వు చెప్పబాకమ్మా" అంది.

కత్తెర తెచ్చాను. నెగెటివ్ ముందు ఇచ్చింది. గళ్లు గళ్లుగా కత్తిరించాను. ఒక్కొక్క ఫొటోనే కవర్లోంచి తీసి ఇస్తోంది, నేను కోస్తున్నాను. చివరికి ఆ నవ్వేది మిగిలింది. ఒక్కసారి చూసుకుంటానుండు అని లేచి గుమ్మం దగ్గరికి వెళ్లింది. వెలుతురు కోసమే వెళ్లింది. అట్లా నిలబడి చాలాసేపు చూసింది. వీధిలో పోయేవాళ్లకి కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత వచ్చి నా చేతిలో పెట్టి, అటు తిరిగి నిలబడింది. కోస్తున్న చప్పుడు ఆగేదాకా ఇటు తిరగలేదు. ముక్కలన్నీ కొంగులో వేయించుకుని, ముడి వేసుకుని వెళ్లిపోయింది.

పెళ్లి అనుకున్న రోజుకే జరిగింది. నన్ను పిలవలేదు. ఆ వీధిలో ఆ తర్వాత ఏ ఇంటి నుంచీ నాకు పిలుపు రాలేదు. నా మీద ఎవరూ ఒక్క మాట అన్నట్టు కూడా నా చెవిన పడలేదు. లెన్స్ చాలా మంచిది, ఏళ్ల తరబడి పనిచేసింది. గుళ్లో పెళ్లిళ్లకి మా ఆయనే దాన్ని తీసుకుపోయేవాడు, ఉంగరాలు చక్కగా వచ్చేవి. చూడకూడని మగవాళ్లిద్దరు ఆ పిల్ల నవ్వు చూశారు. ఉంచుకోవాలనుకున్న తల్లికి మాత్రం అది లేకుండా పోయింది. నేనే కోశాను.